పాత అంబాసిడర్ ఇంజిన్‌లో నీళ్లు కారుతున్నాయా? కోర్ ప్లగ్గులు ఇలా మార్చుకోండి

1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ ఉన్న అంబాసిడర్‌ను ఇప్పటికీ నడుపుకుంటున్నవాళ్లకు ఈ బాధ కొత్త కాదు. పొద్దున రేడియేటర్ నింపితే సాయంత్రానికి మట్టం తగ్గిపోతుంది. హోసులు చూస్తే పొడిగా ఉంటాయి, వాటర్ పంపూ బాగానే ఉంటుంది. అప్పుడు టార్చి వేసి ఇంజిన్ బ్లాకు పక్కల చూడండి. అక్కడ గుండ్రటి రేకు బిళ్లలు కనిపిస్తాయి. అవే కోర్ ప్లగ్గులు. బ్లాకు పోత పోసేటప్పుడు లోపల నీటి దారుల కోసం పెట్టిన ఇసుకను బయటికి తీయడానికి వదిలిన రంధ్రాలకు ఇవి మూతలు. రేకు పలుచన కాబట్టి బ్లాకు కంటే ముందు ఇవే తుప్పుకు పోతాయి, అదీ లోపలి వైపు నుంచి. బయట గోధుమరంగు చార కనబడేసరికి లోపల రేకు దాదాపు తినేసి ఉంటుంది.

దారిలో ఇబ్బంది పడినప్పుడు రేడియేటర్‌లో పసుపు పోసి ఇల్లు చేరిన డ్రైవర్లు మన దగ్గర చాలామందే ఉన్నారు. ఇల్లు చేరడానికైతే తప్పు లేదు. కానీ పసుపైనా, దుకాణంలో దొరికే లీకు పొడైనా చిల్లు దగ్గర మాత్రమే ఆగదు. రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పేరుకుంటుంది. ప్లగ్గు మీద బయటినుంచి ఎపాక్సీ ముద్ద అంటించడం కూడా నాకు నచ్చని పని. కొత్త ప్లగ్గు ఖరీదు చాలా తక్కువ, దాన్ని మార్చేయడమే సరైన మరమ్మతు.

పని మొదలుపెట్టే ముందు ఆయిల్ డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు లోపల ఆయిల్‌లోకి దిగుతున్నాయన్నమాట. అప్పుడు ముందుగా హెడ్ గాస్కెట్‌ను, అంటే బ్లాకుకూ దాని మీది హెడ్‌కూ మధ్య ఉండే సీలును, అనుమానించాలి, ప్లగ్గులు మార్చినంత మాత్రాన ఆ జబ్బు నయం కాదు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ వైరు విప్పి, రేడియేటర్ మూత తీసి, కింది ట్యాపు తిప్పి నీళ్లు వదలండి. బ్లాకుకు విడిగా ట్యాపు ఉంటుంది, దాన్నీ విప్పండి. ఏమీ రాకపోతే నీళ్లు లేవనుకోవద్దు. మడ్డి అడ్డుపడి ఉంటుంది, సన్న తీగతో పొడవండి. కూలెంట్ కలిసిన నీళ్లను తొట్టిలో పట్టి మూత పెట్టండి. తియ్యగా ఉంటుందని కుక్కలు తాగుతాయి, అది విషం.

పాత ప్లగ్గు తీయడానికి మొన లేని పంచ్ (ఇనుప కడ్డీ) ఒకటి, సుత్తి చాలు. బిళ్ల అంచుకు దగ్గరగా ఒక పక్కన కొడితే అది రంధ్రంలోనే అడ్డం తిరుగుతుంది. అప్పుడు పట్టకారుతో పట్టి లాగండి. మొత్తంగా లోపలికి తోసేయకండి. వెనకాల కొద్ది దూరంలోనే సిలిండర్ గోడ ఉంటుంది, దానికి దెబ్బ తగలకూడదు. డ్రిల్లు వాడేవాళ్లకు కూడా ఇదే జాగ్రత్త.

ఇక్కడినుంచి తొందరపడవద్దు, ఎందుకంటే లీకు మళ్లీ రాకుండా ఉండటం కొత్త ప్లగ్గు కంటే అది కూర్చునే అంచు మీదే ఎక్కువ ఆధారపడుతుంది. ముందు రంధ్రంలో వేలు పెట్టి చూడండి. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసిన ఇంజిన్‌లో తుప్పు బురద, సున్నపు పెచ్చులు చేతికి తగులుతాయి. వంచిన తీగతో గీకి, పైపు నీళ్లతో కడగండి, తేట నీళ్లు వచ్చేదాకా. ఆ తర్వాత అంచును వైరు బ్రష్షుతో, ఎమరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, పెట్రోల్ గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. అంచు బాగా తినేసి గుంటలు పడితే లేత్ షాపులో చూపించాలి.

కొత్త ప్లగ్గు సైజుకు పాత బిళ్లను కొలవవద్దు, అది వంకర పోయి ఉంటుంది. రంధ్రాన్నే వెర్నియర్‌తో కొలవండి. ఈ ఇంజిన్ కొలతలు అంగుళాల్లో ఉంటాయి కాబట్టి, దగ్గరగా ఉంది కదా అని మిల్లీమీటర్ల ప్లగ్గు దిగ్గొట్టకండి. దొరికితే ఇత్తడిదే తీసుకోండి, తుప్పు పట్టదు.

అంచుకు సీలెంట్ పలుచగా రాయండి. గిన్నె ఆకారపు ప్లగ్గయితే దాని లోపల వదులుగా పట్టే స్పానర్ సెట్ సాకెట్ పెట్టి, వంకర పోకుండా మెల్లగా కొడుతూ, దాని అంచు బ్లాకు రంధ్రం అంచు కంటే కాస్త లోపలికి దిగేదాకా కొట్టండి. ఉబ్బెత్తు బిళ్లయితే ఉబ్బు బయటికి ఉండేలా పెట్టి నడిమధ్య ఒక్క దెబ్బ వేయండి. ఉబ్బు కొద్దిగా అణిగితే బిళ్ల పక్కలకు సాగి బిగుస్తుంది. పూర్తిగా లోపలికి గుంట పడేలా కొడితే మళ్లీ వదులవుతుంది.

సీలెంట్ ట్యూబు మీద రాసినంత సేపు ఆరనిచ్చి, డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి పోయండి. మనకు గడ్డకట్టే చలి లేదని కూలెంట్ మానేస్తుంటారు. తుప్పును ఆపే మందు అందులోనే ఉంది. మూత తీసే ఉంచి ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి నడవనివ్వండి, గాలి బుడగలు ఆగాక మట్టం సరిచేసి మూత బిగించండి. వేడెక్కాక మూత ముట్టుకోవద్దు. కొంత దూరం నడిపి, మర్నాడు చల్లగా ఉన్నప్పుడు ప్లగ్గు చుట్టూ తెల్ల కాగితంతో అద్ది చూడండి. కాగితం తడవకపోతే పని కుదిరినట్టే. ఇక మిగిలిన పాత ప్లగ్గులూ మార్చేయండి, వాటి వయసూ అంతే కదా.