హెడ్‌సెట్‌లో అక్షరాలు మసకబారితే: నా అనుభవం

మానిటర్‌కు బదులు వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ పెట్టుకుని ఇంటి నుంచి పనిచేయాలని ఎంతో ఆశపడ్డాను. మూడు పెద్ద తెరలు కళ్లముందు తేలుతుంటే మొదటిరోజు పొంగిపోయాను. అరగంట గడిచేసరికి అక్షరాల అంచులు అలుక్కుపోయాయి, కణతలు లాగడం మొదలైంది.

తప్పు వైఫైదే అనుకున్నాను. కంప్యూటర్‌ను రౌటర్‌కు కేబుల్‌తో కలిపి, హెడ్‌సెట్‌ను 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చాను. తెర తడబడటం ఆగింది గానీ మసక పోలేదు.

అసలు దోషం హెడ్‌సెట్ కటకాల మధ్య దూరంలో ఉంది. అది మన రెండు కనుపాపల మధ్య దూరానికి సరిపోవాలి. అద్దం ముందు నిలబడి, మిల్లీమీటర్ల స్కేలును కనుబొమలకు ఆనించాను. కుడి కన్ను మూసి, ఎడమ కనుపాప నడిమికి సున్నా పెట్టాను. స్కేలు కదపకుండా ఎడమ కన్ను మూసి, కుడి కనుపాప దగ్గరి అంకె చూశాను: 61. హెడ్‌సెట్‌లో ఉన్నది 68! పెద్దవాళ్లలో ఈ దూరం సగటున 63 దాకా ఉంటుంది కనుక ఎవరికి వారు కొలుచుకోవాల్సిందే. సరిచేయగానే అక్షరాలు విడివిడిగా నిలిచాయి.

బరువు చెంపల మీద పడకుండా వెనక పట్టీని తల వెనక కింది భాగంలోని ఎముక దగ్గరికి దించాను. మూడు తెరలు తీసేసి ఒక్కటే ఉంచాను, అదీ సుమారు రెండు మీటర్ల దూరంలో, అక్షరాలు పెద్దవి చేసి. ఇప్పుడు గంటకోసారి తీసి కిటికీలోంచి దూరంగా చూస్తాను. హెడ్‌సెట్‌ను మాత్రం ఆ కిటికీ దగ్గర పెట్టను. కటకాల మీద ఎండ పడితే లోపలి తెర కాలిపోతుంది.