కెర్బల్ పాఠాలు – 2: శాండ్‌బాక్సా, సైన్సా, కెరీరా?

పోయిన భాగంలో రాకెట్లు కట్టి అంతరిక్షంలోకి పంపే కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ ఆటని ఇన్‌స్టాల్ చేసుకుని, ఏ మీట ఏం పని చేస్తుందో చూశాం. స్టేజ్‌కి (రాకెట్‌లో తర్వాతి దశ మొదలుపెట్టడానికి) స్పేస్‌బార్, థ్రాటిల్ (ఇంజిన్ జోరు) పెంచడానికి షిఫ్ట్, రాకెట్‌ని ఊగకుండా పట్టే ఎస్‌ఏఎస్‌కి టీ, మ్యాప్‌కి ఎమ్. ప్రస్తుతానికి ఈ నాలుగూ గుర్తుంటే చాలు. ఈసారి 'స్టార్ట్ గేమ్' నొక్కి 'న్యూ గేమ్'లోకి వెళ్దాం. సేవ్‌కి పేరు పెట్టమంటుంది, జెండా ఎంచుకోమంటుంది. వాటితో పాటు మూడు బొమ్మలు చూపించి ఒకటి తీసుకోమంటుంది: శాండ్‌బాక్స్, సైన్స్, కెరీర్. ఒక్కోదానికి ఒకటి రెండు వాక్యాల వివరణ ఉంటుంది కానీ, కొత్తవాళ్లకి తేల్చుకోవడానికి అది సరిపోదు.

నా సలహా ముందే చెప్పేస్తాను. మొదటి సేవ్ సైన్స్‌లో పెట్టండి, పక్కనే ఒక శాండ్‌బాక్స్ సేవ్ ఉంచుకోండి, కెరీర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఎందుకో చెప్పడానికే ఈ పాఠం. ఒకసారి మొదలుపెట్టాక మోడ్ మార్చుకునే మీట ఆటలో ఎక్కడా లేదు. మారాలంటే మళ్లీ కొత్త సేవ్ మొదలుపెట్టాల్సిందే. సేవ్ ఫైల్ తెరిచి మోడ్ అన్న లైను మార్చేవాళ్లు ఉన్నారు గానీ, రెండో పాఠంలోనే ఆ పనికి దిగొద్దు.

ఒక చిన్న మాట. ఈ పాఠాలన్నీ 2011లో మొదటిసారి బయటికి వచ్చి, 2015 ఏప్రిల్‌లో 1.0 వెర్షన్ అందుకున్న మొదటి ఆట గురించే. 2023లో వచ్చిన రెండో ఆటలో మోడ్‌ల సంగతి వేరు.

శాండ్‌బాక్స్: అన్నీ ఉన్నాయి, అదే చిక్కు

శాండ్‌బాక్స్‌లో డబ్బు గొడవ లేదు, పాయింట్ల గొడవ లేదు. ఆటలో ఉన్న ప్రతి ఇంజినూ, ప్రతి ట్యాంకూ మొదటి నిమిషం నుంచే మీ చేతిలో ఉంటాయి. వినడానికి బాగుంది. రాకెట్ కట్టే బిల్డింగ్ వీఏబీలోకి వెళ్లి ఇంజిన్ల జాబితా తెరిచి చూడండి, తెలుస్తుంది. ఏది నేల మీద పనికొస్తుంది, ఏది శూన్యంలో పనికొస్తుంది అన్నది బొమ్మ చూస్తే తెలిసేది కాదు. కొత్తవాళ్లు సాధారణంగా అన్నిటికంటే పెద్దది తీసుకుంటారు. దాన్ని మోయడానికి ఇంకా పెద్దది కింద పెడతారు. అది ఎగరకపోతే పక్కన బూస్టర్లు తగిలిస్తారు. చివరికి లాంచ్‌ప్యాడ్ మీదే ఊగి, విరిగి, పేలిపోతుంది. ఎందుకు పేలిందో మాత్రం అర్థం కాదు, ఎందుకంటే ఒకేసారి పది తప్పులున్నాయి.

నిజానికి మొదటి కక్ష్యకి అంత రాకెట్ అక్కర్లేదు. మనం ఎగిరే గ్రహం కెర్బిన్ వ్యాసార్థం 600 కిలోమీటర్లే. గాలి 70 కిలోమీటర్ల దగ్గర అయిపోతుంది. తక్కువ ఎత్తు కక్ష్యలో వేగం సెకనుకి దాదాపు 2.3 కిలోమీటర్లు. మన భూమి చుట్టూ తిరగాలంటే అది దాదాపు 7.8 కావాలి. అందుకే ఇక్కడ రెండు మూడు చిన్న ట్యాంకుల రాకెట్ కూడా కక్ష్యలోకి చేరుతుంది. శాండ్‌బాక్స్ మీకు ఆ మాట చెప్పదు.

అలాగని దాన్ని తీసిపారేయలేం. సైన్స్ సేవ్‌లో ఒక డిజైన్ ఎగురుతుందో లేదో అనుమానం వస్తే, అలాంటిదే శాండ్‌బాక్స్‌లో కట్టి చూసుకోవచ్చు. కొందరికి ఆట కన్నా కట్టడమే సరదా, ముఖ్యంగా పిల్లలకి. ఏడెనిమిదేళ్ల పిల్లలు పక్కన కూర్చుంటే వాళ్లకి శాండ్‌బాక్స్ తెరిచి ఇచ్చేయండి. పేలిపోవడమే వాళ్లకి సినిమా.

కెరీర్: అసలు ఆట ఇదేనంటారు

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. కెరీర్‌లో అన్నీ ఉంటాయి. డబ్బు ఉంది, పరువు ఉంది, సైన్స్ పాయింట్లు ఉన్నాయి, కాంట్రాక్టులు ఉన్నాయి, బిల్డింగ్‌ల అప్‌గ్రేడ్లు ఉన్నాయి. కాబట్టి ఇదే అసలు ఆట, మిగతావి ప్రాక్టీసు అనిపిస్తుంది. చివరికి చేరాల్సింది ఇక్కడికే అంటే నేనూ ఒప్పుకుంటాను. కానీ మొదలుపెట్టాల్సింది ఇక్కడ కాదు.

కెరీర్ కష్టమని చాలామంది అంటారు. ఏ రకంగా కష్టమో మాత్రం ఎవరూ విడమర్చి చెప్పరు. డబ్బు సర్దుకోవడం కష్టమైతే పర్వాలేదు, అది నేర్చుకోదగ్గ విద్యే. అసలు సమస్య వేరే ఉంది. కెరీర్ మొదట్లో మీ బిల్డింగ్‌లన్నీ మొదటి లెవల్‌లో ఉంటాయి. లాంచ్‌ప్యాడ్ 18 టన్నులకి మించి మోయదు. వీఏబీలో 30 పార్టులకి మించి రాకెట్ కట్టలేరు. ఇవి కళ్లకి కనిపించే తాళాలు, వీటితో ఇబ్బంది లేదు, పైగా చిన్న రాకెట్ కట్టడం అలవాటవుతుంది. కనిపించని తాళాలే కొత్తవాళ్లని చంపేస్తాయి.

మొదటిది, మనూవర్ నోడ్ ఉండదు. కక్ష్య గీత మీద ఒక చోట నొక్కి, అక్కడ ఇంజిన్ ఎటు తిప్పి ఎంతసేపు మండిస్తే దారి ఎలా మారుతుందో ముందే చూసుకునే పనిముట్టు అది. చంద్రయాన్-3 2023 జూలై 14న శ్రీహరికోట నుంచి బయల్దేరి ఆగస్టు 23న చంద్రుడి మీద దిగింది. ఈ మధ్యలో ఇంజిన్ మండించిన ప్రతిసారీ ఎప్పుడు, ఎటు, ఎంతసేపు అన్నది ముందే లెక్కేసుకున్నారు. ఆటలో ఆ లెక్క మన తరఫున మనూవర్ నోడ్ చేసి పెడుతుంది. కక్ష్యలు ఎలా పనిచేస్తాయో కొత్తవాళ్లకి కంటికి కట్టేది కూడా అదే. కెరీర్‌లో అది రావాలంటే మిషన్ కంట్రోల్, ట్రాకింగ్ స్టేషన్ రెండూ రెండో లెవల్‌కి వెళ్లాలి. నార్మల్ డిఫికల్టీలో మొదటిదానికి 75,000, రెండోదానికి 1,50,000 ఖర్చవుతుంది. మీరు మొదలుపెట్టేటప్పుడు ఖజానాలో ఉండేది 25,000.

రెండోది, ట్రాకింగ్ స్టేషన్ మొదటి లెవల్‌లో ఉన్నంతకాలం మీ దారి మున్ అనే చందమామకి దగ్గరగా వెళ్తుందో లేదో మ్యాప్ చూపించదు. కెర్బిన్ చుట్టూ మీ గీత కనిపిస్తుంది, అంతే. మున్ ఆకర్షణలోకి వెళ్లాక ఏమవుతుందో వెళ్లాకే తెలుస్తుంది. మూడోది, అంతరిక్షంలో వ్యోమగామి బయటికి రావాలంటే ఆస్ట్రోనాట్ కాంప్లెక్స్ పెంచాలి. నేల మీద మట్టి నమూనా తీయాలంటే పరిశోధన కేంద్రం పెంచాలి.

అనుభవం ఉన్నవాళ్లకి ఇవేవీ అడ్డు కావు. కక్ష్యలో తిరుగుతూ, మున్ అప్పుడే అంచు మీద పొడుస్తున్నప్పుడు ముందుకి మండిస్తే చాలు, దాదాపు తగులుతుంది అని వాళ్లకి తెలుసు. నోడ్ లేకపోయినా వాళ్ల బుర్రలో నోడ్ ఉంది. కొత్తవాళ్లకి అది లేదు. అంటే, నేర్చుకోవడానికి కావాల్సిన పనిముట్టుని ఇప్పటికే నేర్చుకున్నవాళ్లు మాత్రమే కొనుక్కోగలిగే చోట పెట్టారన్నమాట. ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడని డిజైన్.

దానికి తోడు కాంట్రాక్టులు. ఫలానా బూస్టర్‌ని ఫలానా ఎత్తులో, ఫలానా వేగంలో ఉన్నప్పుడు పరీక్షించి చూపించు అని ఒకటి వస్తుంది. ఎత్తు సరిపోతే వేగం సరిపోదు. టూరిస్టుని తిప్పి తీసుకురా అని ఇంకోటి. మొదటి లెవల్‌లో ఒకేసారి రెండు కాంట్రాక్టులే పట్టుకోవచ్చు, ఫెయిలైతే జరిమానా. రాకెట్ నడపడం రాకముందే అకౌంట్లు చూసుకునే టెన్షన్ ఎందుకు?

సైన్స్: తాళాలు తక్కువ, మెట్లు ఎక్కువ

సైన్స్ మోడ్‌లో డబ్బు లేదు, కాంట్రాక్టులు లేవు. బిల్డింగ్‌లన్నీ మొదటి రోజే పూర్తి లెవల్‌లో ఉంటాయి, కాబట్టి మనూవర్ నోడ్ మొదటి ఫ్లైట్ నుంచే పనిచేస్తుంది. పార్టులు మాత్రం కొన్నే ఇస్తారు. ప్రయోగాలు చేసి సైన్స్ పాయింట్లు సంపాదించి, పరిశోధన కేంద్రంలో టెక్ ట్రీలో, అంటే కొత్త పార్టులిచ్చే మెట్ల పటంలో, ఒక్కో నోడ్ తెరుచుకుంటూ పోవాలి. టెక్ ట్రీలోని నోడ్ వేరు, మ్యాప్ మీద పెట్టే నోడ్ వేరు, కలిపేసుకోకండి. మొదటి నోడ్లు 5 పాయింట్లకే వస్తాయి, చివరివి 1,000 దాకా అడుగుతాయి.

ఇంజిన్ల జాబితాలో ఒకటే ఇంజిన్ ఉంటే ఏది ఎంచుకోవాలన్న ప్రశ్నే రాదు. దానితోనే ఎగురుతారు, దాని హద్దు ఎక్కడో తెలుసుకుంటారు. తర్వాత రెండోది వస్తుంది, రెండిటికీ తేడా చేతికి తెలుస్తుంది. శాండ్‌బాక్స్‌లో నెల రోజులు తిరిగినా అంత తొందరగా అబ్బని విషయం ఇది.

మొదటి ఫ్లైట్ ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూద్దాం. వీఏబీలో ఎంకే1 క్యాప్సూల్ పెట్టండి. నెత్తిన ఎంకే16 పారాచూట్, అడుగున ఫ్లీ అనే చిన్న ఘన ఇంధన బూస్టర్. పక్కన మిస్టరీ గూ అనే ప్రయోగం డబ్బాలు రెండు, అటొకటి ఇటొకటి. ఎక్స్ నొక్కితే సిమెట్రీ వస్తుంది, రెండూ ఒకేసారి అతుకుతాయి. ఇప్పుడు స్క్రీన్ కుడివైపు కింద ఉన్న స్టేజ్‌ల వరస చూడండి. కింద ఉన్నది ముందు పనిచేస్తుంది. అక్కడ ఇంజిన్, పారాచూట్ ఒకే గడిలో ఉంటే, స్పేస్‌బార్ కొట్టగానే రెండూ కలిసి మొదలవుతాయి. పారాచూట్ బొమ్మని పట్టుకుని పై గడిలోకి లాగండి. ఈ ఒక్క పని మర్చిపోయే మొదటి రాకెట్లు చాలా పోతుంటాయి.

లాంచ్‌ప్యాడ్ మీదికి వచ్చాక వెంటనే స్పేస్‌బార్ కొట్టకండి. క్యాప్సూల్ మీద రైట్ క్లిక్ చేసి క్రూ రిపోర్ట్ తీయండి, 1.5 పాయింట్లు. ఇప్పుడు వ్యోమగామిని బయటికి పంపండి. మొదటిసారి బహుశా జెబెడయా ఉంటాడు. తలుపు పక్కన పిడి పట్టుకుని వేలాడుతుంటాడు. ఆ పిడి వదలకుండానే ఈవీఏ రిపోర్ట్ (క్యాప్సూల్ బయట తీసే రిపోర్ట్) తీయించండి, దానికీ పాయింట్లొస్తాయి. వేలాడుతుండగానే క్యాప్సూల్ మీద రైట్ క్లిక్ చేసి 'టేక్ డేటా' నొక్కితే లోపలి రిపోర్ట్ కూడా అతని చేతికి వస్తుంది. బీ నొక్కి లోపలికి వెళ్తే రెండూ క్యాప్సూల్‌లో భద్రంగా ఉంటాయి, క్రూ రిపోర్ట్‌కి మళ్లీ చోటు ఖాళీ అవుతుంది. ఒక గూ డబ్బాని ఇక్కడే పరీక్షించండి, రెండోది గాల్లోకి దాచుకోండి.

టీ నొక్కి ఎస్‌ఏఎస్ పెట్టి, స్పేస్‌బార్. ఫ్లీలో మందు కొన్ని సెకన్లలోనే అయిపోతుంది. పైకి వెళ్తుండగా ఇంకో క్రూ రిపోర్ట్, రెండో గూ. గాల్లో తీసినవాటికి నేల మీదవాటి కన్నా పాయింట్లు ఎక్కువ. దిగేటప్పుడు వేగం తగ్గాక పారాచూట్. నేలకి 1,000 మీటర్ల ఎత్తులో అది పూర్తిగా విచ్చుకుంటుంది. దిగాక రికవర్ నొక్కండి. 5 పాయింట్ల నోడ్లు రెండు తెరవడానికి ఈ ఒక్క ఎగురుడు సరిపోతుంది.

సైన్స్‌లోనూ ఒక లోపం ఉంది, దాచను. ఎటు వెళ్లాలో ఎవరూ చెప్పరు. కెరీర్‌లో కాంట్రాక్టులైనా ఒక దారి చూపిస్తాయి. ఇక్కడ స్పేస్ సెంటర్ చుట్టూ రిపోర్ట్‌లు ఏరుకుంటూ గంటలు గడిపేసేవాళ్లున్నారు. ఆ పని చేయకండి, విసుగొస్తుంది. 70 కిలోమీటర్లు దాటండి, తర్వాత కక్ష్య, తర్వాత మున్, తర్వాత కెర్బిన్ రెండో చందమామ మిన్‌మస్. మిన్‌మస్ దూరంగా ఉన్నా గురుత్వం చాలా తక్కువ, దాని మీద దిగడం మున్ మీద కన్నా తేలిక. ఈ వరసలో వెళ్తే పాయింట్లు వాటంతట అవే వస్తాయి.

డిఫికల్టీ సంగతి

మోడ్ పక్కనే డిఫికల్టీ అడుగుతుంది. నార్మల్ పెట్టండి. హార్డ్‌లో ఫ్లైట్‌ని వెనక్కి తిప్పడం, ఎఫ్5తో సేవ్ చేసుకుని ఎఫ్9తో వెనక్కి రావడం రెండూ ఉండవు. నేర్చుకునేవాళ్లకి ఆ రెండూ ప్రాణం. పేలిపోయిన రాకెట్‌ని 'రివర్ట్ టు లాంచ్'తో మళ్లీ ప్యాడ్ మీద పెట్టి, ఒక్క మార్పు చేసి, మళ్లీ వదలడమే ఇక్కడ చదువు. అది మోసమని ఎవరైనా అంటే విననట్టు ఊరుకోండి. ఆప్షన్లలో కమ్యూనికేషన్ నెట్‌వర్క్ అని ఒకటి ఉంటుంది, మనుషుల్లేని ప్రోబ్‌లకి సిగ్నల్ అందాలన్న నియమం అది. కావాలంటే ఇప్పటికి ఆపేయండి. తిరిగొచ్చేటప్పటి వేడిని మాత్రం ఆపొద్దు, అది లేకపోతే క్యాప్సూల్ ఎలా దించాలో ఎప్పటికీ తెలియదు.

మరి కెరీర్ ఎప్పుడు? మున్ మీద దిగి, మనిషిని ప్రాణాలతో వెనక్కి తెచ్చాక. అప్పటికి ఏ పనికి ఎంత రాకెట్ చాలో మీకు ఒక అంచనా ఉంటుంది కాబట్టి డబ్బు లెక్క భారం అనిపించదు, ఆటలా అనిపిస్తుంది.

ఈ వారం పని

సైన్స్, నార్మల్‌తో ఒక సేవ్ మొదలుపెట్టండి. పైన చెప్పిన ఎగురుడు ఎగిరి, 5 పాయింట్ల నోడ్లు రెండూ తెరవండి. అందులో మొదటి ద్రవ ఇంధన ఇంజిన్ వస్తుంది. దాన్ని ఒక ట్యాంకుతో కలిపి ఎగరేసి, ఇంధనం అయిపోయేసరికి ఎంత ఎత్తుకి చేరారో రాసిపెట్టుకోండి. తర్వాత ట్యాంకులు రెండు పెట్టి మళ్లీ ఎగరేయండి. ఎత్తు సరిగ్గా రెట్టింపు అవ్వదు. ఎందుకు అవ్వదో వచ్చే భాగంలో లెక్క వేసి చూద్దాం, ఆ లెక్కతోనే 70 కిలోమీటర్లు దాటుదాం.