స్విచ్ నేర్చుకుందాం – 4వ పాఠం: ఒకే స్విచ్‌లో మూడు వీల్యాన్‌లు

కంప్యూటర్లను కేబుళ్లతో కలిపే పెట్టె స్విచ్. ఏ పరికరం ఏ పోర్టులో ఉందో రాసుకునే తన మ్యాక్ పట్టికను అది ఎలా నింపుకుంటుందో పోయిన పాఠంలో చూశాం. ఎవరికి చేరాలో తెలియని ఫ్రేమ్ (డేటా మూట) వస్తే, వచ్చిన పోర్టు తప్ప మిగతా అన్ని పోర్టుల్లోకీ పంపుతుందనీ, అందరికీ కలిపి పంపే బ్రాడ్‌కాస్ట్ ఫ్రేమ్‌కూ అదే దారి అనీ చెప్పుకున్నాం. ఈసారి ఆ బ్రాడ్‌కాస్ట్ ఎంతవరకు పోవాలో మనమే హద్దు గీద్దాం. ఆ హద్దు పేరే వీల్యాన్ (VLAN), అంటే ఒకే స్విచ్‌ను లోపల విడివిడి నెట్‌వర్క్‌లుగా పంచడం.

మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లు ఉందనుకోండి. సాగర్ ఎడమ కాలువ కింద యాసంగి కోతలు మొదలైతే గేటు ముందు వడ్ల ట్రాక్టర్లు బారులు తీరతాయి. ఆఫీసులో లెక్కలు చూసే రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్ ఉన్నాయి. కాంటా దగ్గర బరువు ఎక్కించే కంప్యూటర్ ఒకటి, ఆవరణ చుట్టూ సీసీ కెమెరాలు, వాటి రికార్డర్ ఉన్నాయి. అన్నీ ఒకే స్విచ్‌కు తగిలించి ఉంటాయి, పని కూడా నడుస్తుంది. కానీ ప్రహరీ గోడ మీది కెమెరా కేబుల్ ఊడదీసి ఎవరైనా ల్యాప్‌టాప్‌కు పెడితే ఆఫీసులో షేర్ చేసిన ఫోల్డర్ల దాకా, కాంటా కంప్యూటర్ దాకా దారి దొరుకుతుంది. రైతు ఆరుగాలం కష్టం ఆ కాంటా కంప్యూటర్‌లో ఒక అంకెగా పడుతుంది. నా లెక్కలో దాన్ని విడిగా పెట్టడమే అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని.

దీనికి మూడు స్విచ్‌లు కొనక్కర్లేదు. వీల్యాన్ సదుపాయం ఉన్న 8 పోర్టుల స్మార్ట్ స్విచ్ ఒక్కటి చాలు. పెట్టె మీద మేనేజ్డ్ అనో, స్మార్ట్ అనో, 802.1క్యూ (802.1Q) అనో రాసి ఉందా లేదా చూసి కొనండి. ఇవేవీ లేని మామూలు స్విచ్‌లో ఈ పాఠం సాగదు.

స్విచ్ సెట్టింగుల పేజీ కోసం బ్రౌజర్ తెరిచే ముందు కాగితం, పెన్ను తీసుకోండి. ఈ దశ దాటవేసినవాళ్లే తర్వాత ఎక్కువ టెన్షన్ పడతారు. ఎనిమిది గడులు గీసి ఏ పోర్టు ఎవరిదో రాయండి. మన మిల్లులో 1, 2, 3 పోర్టులు ఆఫీసువి, వాటిది వీల్యాన్ 10. నాలుగో పోర్టు కాంటాది, వీల్యాన్ 20. ఐదుకు కెమెరాల చిన్న పీఓఈ స్విచ్ (కేబుల్‌లోనే కరెంటు కూడా ఇచ్చేది), ఆరుకు రికార్డర్, రెండూ వీల్యాన్ 30. ఎనిమిదోది రౌటర్‌కు పోతుంది. ఏడోది ప్రస్తుతానికి ముట్టుకోవద్దు, ఎందుకో కాసేపట్లో చెబుతాను. ఐదో పోర్టు వెనకున్న పీఓఈ స్విచ్‌కు వీల్యాన్ అంటే ఏమిటో తెలియకపోయినా ఫర్వాలేదు. దానికి తగిలించిన కెమెరాలన్నీ 30లోకే వస్తాయి.

ఇక లోపల జరిగేది. రౌటర్‌కు పోయే కేబుల్ ఒకటే, దాని మీద మూడు వీల్యాన్‌ల ఫ్రేమ్‌లూ ప్రయాణించాలి. ఏది ఎవరిదో గుర్తుపట్టడానికి ప్రతి ఫ్రేమ్‌లో 4 బైట్ల ట్యాగ్ చేరుస్తారు. మిల్లు గేటు దగ్గర ట్రాక్టర్‌కు ఇచ్చే టోకెన్ లాంటిదే ఇది. లోపల ఉన్నంతసేపూ నంబరు చూసే పని జరుగుతుంది, బయటికి పోయేటప్పుడు టోకెన్ తీసేసుకుంటారు. ఈ ట్యాగ్ పద్ధతిని ఐట్రిపుల్ఈ సంస్థ 802.1క్యూ ప్రమాణంగా 1998లో ఆమోదించింది. అందుకే ఒక కంపెనీ స్విచ్ పెట్టిన ట్యాగ్‌ను ఇంకో కంపెనీ రౌటర్ చదవగలుగుతుంది. వీల్యాన్ నంబరుకు ట్యాగ్‌లో 12 బిట్లు ఉంటాయి. అంటే మొత్తం 4096 విలువలు. వాటిలో 0, 4095 వాడకూడదు కాబట్టి 1 నుంచి 4094 వరకు మనవి. స్విచ్ కొత్తగా తెచ్చినప్పుడు పోర్టులన్నీ వీల్యాన్ 1లోనే ఉంటాయి.

ఇప్పుడు ఈ పాఠంలో నెమ్మదిగా చదవాల్సిన చోటికి వచ్చాం. ప్రతి పోర్టుకూ రెండు వేర్వేరు ప్రశ్నలుంటాయి. ట్యాగ్ లేకుండా లోపలికి వచ్చిన ఫ్రేమ్‌ను ఏ వీల్యాన్‌లో వేయాలి? దీనికి జవాబు పీవీఐడీ (PVID) అనే నంబరు. ఫ్రేమ్ బయటికి పోయేటప్పుడు ట్యాగ్ ఉంచాలా, తీసేయాలా? దీనికి జవాబు ట్యాగ్డ్, అన్‌ట్యాగ్డ్ అనే ఎంపిక. చాలా స్మార్ట్ స్విచ్‌లలో ఈ రెండూ వేర్వేరు పేజీల్లో ఉంటాయి. ఒకటి నింపితే రెండోది దానంతట అదే మారుతుందని అనుకోవద్దు. ఈ తేడా ఒక్కటి పట్టుబడితే ఏ కంపెనీ స్విచ్ చేతికిచ్చినా భయం ఉండదు.

పని మొదలుపెడదాం. మీ ల్యాప్‌టాప్‌ను ఏడో పోర్టుకు పెట్టండి. అది చివరిదాకా వీల్యాన్ 1లోనే ఉంటుంది కాబట్టి, మధ్యలో ఏదైనా తారుమారైనా స్విచ్ పేజీలోకి వెళ్లడానికి దారి మిగులుతుంది. 802.1క్యూ వీల్యాన్ పేజీలో ఆ సదుపాయాన్ని ఎనేబుల్ చేసి, వీల్యాన్ 10 సృష్టించండి. అందులో 1, 2, 3 పోర్టులను అన్‌ట్యాగ్డ్‌గా, 8ని ట్యాగ్డ్‌గా పెట్టండి. అలాగే 20లో 4 అన్‌ట్యాగ్డ్, 8 ట్యాగ్డ్. 30లో 5, 6 అన్‌ట్యాగ్డ్, 8 ట్యాగ్డ్. తర్వాత పీవీఐడీ పేజీకి వెళ్లి 1, 2, 3 పోర్టులకు 10, నాలుగుకు 20, ఐదు, ఆరుకు 30 ఇవ్వండి. చివరగా వీల్యాన్ 1లోంచి 1 నుంచి 6 దాకా పోర్టులను తీసేయండి. ఇది మరిచిపోతే వీల్యాన్ 1 బ్రాడ్‌కాస్ట్‌లు ఆ పోర్టుల్లోకి వస్తూనే ఉంటాయి. అన్నీ అయ్యాక సేవ్ నొక్కండి. కొన్ని స్విచ్‌లలో అప్లై వేరు, సేవ్ వేరు. సేవ్ చేయకపోతే కరెంటు పోయి వచ్చేసరికి చేసిందంతా పోతుంది.

సరిగా విడిపోయాయో లేదో చూడటానికి చాలామంది ఆఫీసు కంప్యూటర్ నుంచి కెమెరాకు పింగ్ కొట్టి (అవతలి పరికరం పలుకుతుందో లేదో చూసే కమాండ్), జవాబు రాకపోతే సంతోషిస్తారు. ఆ పరీక్ష సరిపోదు. ఐపీ చిరునామాల శ్రేణి వేరైనా జవాబు రాదు కదా, అందులో వీల్యాన్ గొప్పేముంది? రెండు ల్యాప్‌టాప్‌లకు చేత్తో 192.168.50.1, 192.168.50.2 అని, మాస్క్ 255.255.255.0 అని ఇవ్వండి. ముందు రెంటినీ 1, 2 పోర్టులకు పెట్టి పింగ్ చేయండి, జవాబు రావాలి. ఇక్కడే రాకపోతే విండోస్ ఫైర్‌వాల్ ఆపుతోందేమో చూసుకోండి. జవాబు వచ్చాక రెండో ల్యాప్‌టాప్‌ను మాత్రం ఐదో పోర్టుకు మార్చండి. చిరునామాలు అవే, మారింది పోర్టు ఒక్కటే. ఇప్పుడు జవాబు ఆగిపోతే హద్దు గట్టిగా పడినట్టే.

ఒకే వీల్యాన్‌లో ఉండాల్సిన 5, 6 పోర్టుల మధ్య జవాబు రాకపోతే ముందుగా పీవీఐడీని అనుమానించండి. ఉదాహరణకు ఐదో పోర్టు 30లో అన్‌ట్యాగ్డ్‌గా ఉంది, పీవీఐడీ మాత్రం 1గానే మిగిలిపోయింది. రికార్డర్ వేసిన కేక కెమెరాకు వినబడుతుంది. కెమెరా ఇచ్చిన జవాబు వీల్యాన్ 1లో పడుతుంది లేదా స్విచ్ దాన్ని అక్కడే వదిలేస్తుంది. పోర్టు లైటు పచ్చగా వెలుగుతూనే ఉంటుంది, అందుకే జనం కేబుల్ మీద, క్రింపింగ్ మీద అనుమానపడి గంటలు పోగొట్టుకుంటారు.

రౌటర్ సంగతి ఈ పాఠంలో పూర్తిగా పట్టదు గానీ ఒక హెచ్చరిక ఇప్పుడే చెప్పాలి. స్విచ్‌లో వేరు చేసిన మూడు వీల్యాన్‌లనూ రౌటర్ మళ్లీ కలిపేయగలదు. వీల్యాన్ 10కి 192.168.10.1, 20కి 192.168.20.1, 30కి 192.168.30.1 అని రౌటర్‌లో పెట్టగానే, ఫైర్‌వాల్ నియమాలేవీ లేకపోతే అది వాటి మధ్య దారి చూపించడం మొదలుపెడుతుంది. కెమెరా కేబుల్ ఊడదీసిన మనిషికి మళ్లీ కాంటా కంప్యూటర్ దొరుకుతుంది. కాబట్టి ఆ నియమాలు రాసేదాకా, అంటే ఐదో పాఠం పూర్తయ్యేదాకా, ఎనిమిదో పోర్టు కేబుల్ తగిలించకండి.

వచ్చే పాఠానికి ముందు ఒక అభ్యాసం. మిల్లులో డ్రైవర్ల కోసం వైఫై పెట్టాలని ఓనర్ అడిగారు. ఒకే యాక్సెస్ పాయింట్ నుంచి ఆఫీసు వైఫై, డ్రైవర్ల వైఫై రెండూ రావాలి, డ్రైవర్లది వీల్యాన్ 40. ఏడో పోర్టును దీనికి వాడుకుంటే ఆ పోర్టు 10లో ఎలా ఉండాలి, 40లో ఎలా ఉండాలి, ఎనిమిదో పోర్టులో ఏం మారాలి? ఏడో పోర్టు పోయాక స్విచ్ పేజీలోకి మీరు ఎటునుంచి వెళ్తారు? కాగితం మీద గీసి పెట్టుకోండి, ఐదో పాఠాన్ని ఆ బొమ్మతోనే మొదలుపెడతాం.