డేటాలాగర్ నుంచి రీడింగులు ఆగిపోయాయా? లింకును ఇలా సరిచేయండి

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో సేద్యం ఎక్కువగా బోర్ల మీదే నడుస్తోంది. భూగర్భజలం ఎంత లోతుకు దిగిందో చూసే పీజోమీటర్లు, వాన కొలిచే రెయిన్‌గేజ్‌లు, చెరువు మట్టం చెప్పే సెన్సర్లు ఇప్పుడు చాలాచోట్ల ఉన్నాయి. వీటి పక్కనుండే పెట్టెలో డేటాలాగర్ ఉంటుంది. అది సెన్సర్ లెక్కను రాసిపెట్టుకుని మోడెమ్ ద్వారా ఆఫీసుకు పంపుతుంది. ఆ లింకు తరచూ అవసరమైన రోజే తెగుతుంది. 2021 నవంబరులో తిరుపతిని వానలు ముంచెత్తి, రాయలచెరువు కట్ట లీకై చుట్టుపక్కల ఊళ్లను ఖాళీ చేయించిన రోజులు గుర్తున్నవాళ్లకు, గంటగంటకూ మట్టం తెలియడం ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు.

1. ముందు డేటాను కాపాడండి

లింకు తెగడం వేరు, డేటా పోవడం వేరు. మోడెమ్ మూగబోయినా లాగర్ తన మెమరీలో రాసుకుంటూనే ఉంటుంది. మెమరీ నిండితే మాత్రం చాలా లాగర్లు పాత రీడింగుల మీదే కొత్తవి రాసేస్తాయి. గంటకొకటైతే రోజుకు 24 రీడింగులు, 15 నిమిషాలకొకటైతే 96. అంటే మెమరీ నాలుగింతలు తొందరగా నిండుతుంది. మీ లాగర్ ఎన్నాళ్లు ఆపుకోగలదో లెక్క కట్టి స్టేషన్ రిజిస్టర్‌లో రాసి ఉంచండి. సైటుకు వెళ్లగానే రీసెట్ బటన్ నొక్కకండి. ల్యాప్‌టాప్ పెట్టి డేటా మొత్తం దించుకున్నాకే మిగతా పని మొదలుపెట్టండి.

2. బండి తీసేముందు గ్రాఫ్ చూడండి

ఈ ఒక్క పని అలవాటైతే సగం తిరుగుడు తప్పుతుంది. డేటా ఎప్పుడు ఆగింది, ఎలా ఆగింది అన్నదే సగం జబ్బు చెప్పేస్తుంది.

అన్ని స్టేషన్లూ ఒకే నిమిషానికి ఆగితే తప్పు పొలంలో లేదు. సర్వర్‌లోనో, సిమ్‌ల ప్లాన్ గడువులోనో ఉంది. ఒకే దిక్కునున్న నాలుగైదు స్టేషన్లు కలిసి పోతే అక్కడి సెల్ టవర్‌నో, కొండ మీద సిగ్నల్ అందుకుని ముందుకు పంపే రిపీటర్‌నో అనుమానించండి. రాత్రి రెండు మూడు గంటలకు ఆగి పొద్దెక్కాక మళ్లీ వస్తుంటే అది బ్యాటరీ. వాన పడ్డాక పోయి, రెండు రోజుల ఎండకు తిరిగొస్తే యాంటెన్నా కనెక్టర్‌లోకి నీరు దిగినట్టే. మే నెల మధ్యాహ్నాల్లో మాత్రమే పోతుంటే పెట్టె లోపలి వేడిని చూడాలి. లింకు బాగానే ఉండి, ఒక్క సెన్సర్ కాలమ్ మాత్రమే ఖాళీగా వస్తే మోడెమ్ జోలికి పోకుండా నేరుగా 5వ అడుగుకు వెళ్లండి.

డ్యాష్‌బోర్డులో రీడింగులతో పాటు బ్యాటరీ వోల్టేజి, సిగ్నల్ బలం కూడా రోజూ వచ్చేలా పెట్టుకోవాలి. ఈ రెండూ లేని నెట్‌వర్క్‌ను నడపడం చాలా కష్టం, ప్రతి చిన్నదానికీ సైటుకు పోవాల్సి వస్తుంది.

స్టేషన్ ఉన్న పొలం రైతుకు ఒక ఫోన్ కొట్టడం మరవద్దు. "అన్నా, పెట్టెలో చీమలు గూడు పెట్టుండాయి, తలుపు పడ్డంలే" అని ఆయన ఒక్క మాట చెబితే ఏ పనిముట్లతో బయల్దేరాలో తెలిసిపోతుంది.

3. కరెంటు: పంపేటప్పుడు కొలవండి

ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టులు చూపిస్తుంది, బ్యాటరీ బాగుందని వదిలేస్తారు. కానీ 2జీ మోడెమ్ సిగ్నల్ పంపే క్షణంలో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. ముసలి బ్యాటరీ ఆ దెబ్బకు ఒక్కసారిగా పడిపోతుంది, మోడెమ్ రీస్టార్ట్ అవుతుంది, మళ్లీ ప్రయత్నిస్తుంది, మళ్లీ పడిపోతుంది. కాబట్టి మోడెమ్‌తో బలవంతంగా డేటా పంపిస్తూ, ఆ సమయంలో దాని టెర్మినల్స్ దగ్గరే వోల్టేజి చూడండి. 11కు దిగువకు పోతుంటే బ్యాటరీ మార్చడమో, వదులైన వైరు బిగించడమో చేయాలి.

సోలార్ ప్యానెల్ దక్షిణం వైపు సుమారు 15 డిగ్రీల వాలులో ఉండాలి. గ్రానైట్ క్వారీల దగ్గరున్న స్టేషన్లలో ప్యానెల్ మీద తెల్లటి దుమ్ము పొరగా పేరుకుంటుంది. తడిగుడ్డతో తుడిచి, ఛార్జింగ్ కరెంటు ముందెంత, తర్వాతెంత అని రాసుకోండి. ఎన్నాళ్లకోసారి తుడవాలో ఆ తేడాయే చెబుతుంది.

4. యాంటెన్నా, కేబుల్, కనెక్టర్

మోడెమ్‌ను సీఎస్‌క్యూ (సిగ్నల్ బలం చెప్పే అంకె) అడగండి. 0 నుంచి 31 మధ్య అంకె వస్తుంది. దాన్ని రెట్టింపు చేసి 113 లోంచి తీసేసి, ముందు మైనస్ పెడితే డీబీఎం (సిగ్నల్ బలాన్ని కొలిచే ప్రమాణం) లెక్క. 20 వస్తే మైనస్ 73, చాలా బాగుంది. 10 వస్తే మైనస్ 93, అంతకు దిగువన ఇబ్బందులు మొదలవుతాయి. 99 వస్తే సిగ్నల్ ఎంతుందో మోడెమ్‌కే తెలియదని అర్థం.

ఇప్పుడు కనెక్టర్ విప్పండి. మధ్య పిన్ను మెరుస్తూ ఉండాలి. పచ్చగా చిలుము పట్టి, వేలితో తాకితే తడి తగిలితే కడిగి ఆరబెట్టి సరిపెట్టకండి. నీరు కేబుల్‌లోని సన్న తీగల జాలీ వెంట లోపలికి పాకి ఉంటుంది. ఆ కేబుల్ మార్చండి. కొత్తది బిగించాక రబ్బరు టేపును సాగదీస్తూ కింది నుంచి పైకి చుట్టి, దానిపై మామూలు ఇన్సులేషన్ టేపు వేయండి. కేబుల్ పెట్టెలోకి దూరేముందు కిందికి ఒక వంపు వదలండి, వాననీరు అక్కడే కారిపోతుంది.

కేబుల్ పొడవు కూడా చూడాలి. సన్నటి ఆర్‌జీ-58 కేబుల్ 900 మెగాహెర్ట్జ్ దగ్గర 10 మీటర్లకు సుమారు 5 డెసిబెల్స్ తినేస్తుంది. అంటే మూడింట రెండు వంతుల శక్తి దారిలోనే పోయినట్టు. 2జీ మోడెమ్ తీసి 4జీ పెట్టినచోట పాత యాంటెన్నానే ఉంచితే, 2300 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌కు అది సరిపోకపోవచ్చు.

865–867 మెగాహెర్ట్జ్ రేడియోలతో నడిచే లింకుల్లో మొదట దారికి అడ్డేముందో చూడండి. పెట్టిన ఏడాది చిన్నగా ఉన్న మామిడి తోట నాలుగేళ్లకు గోడలా లేస్తుంది. కొమ్మలు కొట్టించడం కన్నా స్తంభం ఎత్తు పెంచడమే మర్యాద.

5. సెన్సర్ వైపు వైరింగ్

సెన్సర్లను లాగర్‌కు కలిపే ఆర్‌ఎస్-485 లైనుకు రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. పవర్ ఆపి ఏ, బీ వైర్ల మధ్య కొలిస్తే దాదాపు 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక చివర తెగింది. ఏ, బీ గుర్తులు కంపెనీకో రకంగా ఉంటాయి, అందుకే మార్చి పెట్టి చూడండి. రెండు సెన్సర్లకు ఒకే మోడ్‌బస్ అడ్రస్ (ఆ లైను మీద సెన్సర్‌ను గుర్తించే నంబరు) ఉంటే రెండూ తప్పుగా పలుకుతాయి. అన్నీ విప్పి, ఒక్కొక్కటే కలుపుతూ రండి.

6. సిమ్, గడియారం

మెషీన్ల కోసం ఇచ్చే 13 అంకెల సిమ్‌ను ఫోన్‌లో వేసి పరీక్షించే ముందు, అది మోడెమ్ ఐఎంఈఐకి (గుర్తింపు నంబరుకు) కట్టేసి ఉందేమో కనుక్కోండి. బాగా పనిచేస్తున్న స్టేషన్ సెట్టింగులతో ఏపీఎన్‌ను (సిమ్ డేటా నెట్‌వర్క్‌కు కలిసే పేరును) అక్షరం అక్షరం పోల్చండి.

గడియారం తేడా వల్ల కూడా డేటా కనబడకుండా పోతుంది. లాగర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో), సర్వర్ మన టైములో ఉంటే అయిదున్నర గంటలు జరిగిపోతుంది. వాతావరణ శాఖ వాన లెక్క ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా. గడియారం తప్పితే నిన్నటి వాన ఇవాళ్టి ఖాతాలో పడుతుంది.

7. వచ్చేముందు, ఆ తర్వాత

ఒకసారికి ఒక్క మార్పే చేయండి. రీడింగ్ అందిందని ఆఫీసులో ఉన్నవాళ్లు ఫోన్‌లో చెప్పేదాకా పెట్టె తలుపు మూయకండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు కాబట్టి టేపులు, సర్జ్ అరెస్టర్ (పిడుగు వోల్టేజి నుంచి కాపాడేది), ఎర్తింగ్ అన్నీ సెప్టెంబరులోనే చూసేయాలి. రాతి నేలల్లో ఎర్తింగ్ గుంత (ఎర్త్ పిట్) ఎండిపోతే పిడుగుపాటుకు మోడెమ్ కాలిపోయే ప్రమాదముంది. వేసవిలో అందులో నీళ్లు పోయిస్తుండాలి.

దించుకొచ్చిన డేటాను సర్వర్‌లో ఎక్కించాక ఇంకా ఖాళీలు మిగిలితే వాటిలో సున్నాలు నింపకండి. వాన పడకపోతే సున్నా, రీడింగ్ రాకపోతే ఖాళీ. ఆ ఖాళీ పక్కన తేదీ, కారణం, మార్చిన వస్తువు పేరు రాయండి.