స్కౌట్ ప్యాట్రోల్: ఎనిమిది మంది పిల్లల్ని జీవితాంతం అన్నదమ్ములుగా నిలిపే పద్ధతి

బడిలో స్కౌట్ ట్రూప్ పెట్టగానే మాస్టారి ధ్యాసంతా యూనిఫాం కొలతల మీదా, కవాతు మీదా, ఆగస్టు 15 పరేడ్ మీదా ఉంటుంది. పదో తరగతి అయిపోగానే పిల్లలు ఎవరి దారిన వాళ్లు పోతారు. ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఒకరింట్లో పెళ్లంటే మిగతా ఏడుగురూ ముందురోజే వచ్చి పందిరి గుంజలు పాతాలంటే కవాతు చాలదు. అందుకు కావలసిన పనంతా ట్రూప్‌లోని చిన్న జట్టులో, అంటే ప్యాట్రోల్‌లోనే జరగాలి.

భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ నియమాల్లో మూడోది ఇది: స్కౌట్ అందరికీ మిత్రుడు, ప్రతి స్కౌట్‌కూ సోదరుడు. పిల్లలు దీన్ని రెండు రోజుల్లో అప్పజెప్పేస్తారు. ఒకడు లేకపోతే మిగతావాళ్ల పని ఆగిపోయేలా ఏర్పాటు చేస్తేనే ఆ మాట వాళ్లకు నిజంగా అర్థమవుతుంది.

ముందు లెక్క సరిచూసుకోండి. ప్యాట్రోల్‌కు ఆరు నుంచి ఎనిమిది మంది, ట్రూప్‌కు ఎక్కువలో ఎక్కువ 32 మంది, అంటే నాలుగు ప్యాట్రోల్‌లు. ఎనిమిది దాటితే ఇద్దరు ముగ్గురు చేతులు కట్టుకుని నిలబడతారు. అయిదుకు తగ్గితే జ్వరంతో ఇద్దరు రాని రోజున ఏ పనీ సాగదు. వయసులు కలిసి ఉండాలి: పద్నాలుగు, పదిహేనేళ్లవాళ్లు ఇద్దరు, పన్నెండు, పదమూడేళ్లవాళ్లు ముగ్గురు, మిగతావాళ్లు పది, పదకొండేళ్లవాళ్లు. అందరూ ఒకే వయసువాళ్లయితే పోటీ పెరుగుతుంది గానీ ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండడం అలవాటు కాదు.

ఒకే వీధి పిల్లలు, ఒకే కులం పిల్లలు, ఒకే సెక్షన్ పిల్లలు ఒక ప్యాట్రోల్‌లో పోగుపడకుండా చూడండి. 1907 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో స్కౌటింగ్ స్థాపకుడు బేడెన్ పావెల్ పెట్టిన తొలి శిబిరంలో కూడా సంపన్నుల బడుల పిల్లల్నీ, చుట్టుపక్కల ఊళ్ల మామూలు ఇళ్ల పిల్లల్నీ కలిపే నాలుగు ప్యాట్రోల్‌లు చేశారు. అలాగని పిల్లవాణ్ణి పూర్తిగా కొత్తవాళ్ల మధ్య పడేస్తే బెదిరిపోతాడు. ప్రతివాడి చేతా ఇద్దరు స్నేహితుల పేర్లు రహస్యంగా రాయించుకుని, వాళ్లలో ఒకరిని అతని ప్యాట్రోల్‌లో వేయండి. ఒక్కరే, ఇద్దరూ వద్దు.

ఇక అన్నిటికంటే పెద్ద తప్పు ఏటా జూన్‌లో అందరినీ కలిపేసి మళ్లీ పంచడం. బలాబలాలు సమం చేయాలన్న మంచి ఉద్దేశంతోనే చేస్తారు. కానీ ఏడాదిపాటు పెరిగిన చనువు ఆ ఒక్క పూటతో పోతుంది. ఖాళీలు మాత్రమే నింపండి. ఓడిపోతున్న ప్యాట్రోల్‌ను ఓడిపోనివ్వండి. కలిసి ఓడినవాళ్ల మధ్య ముడి బాగా బిగుస్తుంది.

లీడర్‌ను ఎంచుకునేటప్పుడు మార్కుల జాబితా పక్కన పెట్టి ప్యాట్రోల్ పిల్లల్నే అడగండి. చిన్నవాడి బూటు లేసు విప్పుకుపోతే ఎవరు వంగి కట్టారో మీ కంటే వాళ్లకే బాగా తెలుసు. లీడర్‌కు కుడిభుజంగా ఉండే సెకండ్‌ను లీడరే ఎంచుకోవాలి, ఇద్దరికీ పొసగకపోతే వారానికే తేడా వస్తుంది. మిగతా ఆరుగురిలో ఒక్కొక్కరికీ ఒక్కో బాధ్యత ఉండాలి: సామాన్లు, పుస్తకం, డబ్బు లెక్క, ప్రథమ చికిత్స పెట్టె, వంట, జెండా. బాధ్యత లేని పిల్లవాడు మూడో వారం నుంచి మానేస్తాడు.

అసలు బంధం శిబిరంలో కుదురుతుంది. వంట ట్రూప్ మొత్తానికి ఒకేచోట పెట్టించకండి, వంటమనిషిని అసలే పిలవకండి. ప్రతి ప్యాట్రోల్‌కూ వేరే పొయ్యి ఉండాలి. ఎనిమిది మందికి ఒక పూటకు బియ్యం కిలో రెండు వందల గ్రాములు, కందిపప్పు నాలుగు వందల గ్రాములు సరిపోతాయి. గంజి వార్పించకండి, వేడి గంజి మీద పడితే చేతులు కాలతాయి. అత్తెసరు పెట్టించండి: గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు, పాత బియ్యమైతే రెండున్నర. గాడిపొయ్యి జానెడు లోతు, రెండు మూరల పొడవు తవ్వాలి. వెడల్పు గిన్నె అడుగు కంటే కాస్త తక్కువ ఉండాలి. గాడి మూతి గాలి వచ్చే వైపు పెట్టాలి. గాలికి అడ్డంగా తవ్వితే మంట అందుకోదు, పొగ ఎక్కువై అన్నం పైన పలుకుగా, అడుగున మాడుగా తయారవుతుంది. మొదటి రాత్రి చాలా ప్యాట్రోల్‌లకు ఇదే జరుగుతుంది. అప్పుడు మాస్టారు జాలిపడి తన గిన్నెలోంచి అన్నం పెట్టకూడదు. మాడు గీకి మంచి అన్నం చిన్నవాళ్లకు వడ్డించే లీడర్ ఆ రాత్రే తేలతాడు. పస్తు పడుకోకుండా అటుకులు, బెల్లం మాత్రం సామాన్లలో ఉంచండి.

గిన్నెలు బోర్లించే వెదురు అటక కట్టించండి. ఈ పని ఒక్కడి వల్ల కాదు. ఒక్కో కట్టుకు మణికట్టు లావు గెడలు రెండు, ఆరు మిల్లీమీటర్ల తాడు మూడు మీటర్లు తీసుకోండి. నిలువు గెడకు, అడ్డ గెడ ఆనే చోటుకు కాస్త కింద క్లోవ్ హిచ్ (గెడకు రెండు చుట్లుగా వేసి బిగించే) ముడి వేయాలి. ఒకడు అడ్డ గెడను కదలకుండా పట్టుకుంటే, రెండోవాడు తాడును అడ్డ గెడ ముందు నుంచీ నిలువు గెడ వెనక నుంచీ మూడు చుట్లు తిప్పాలి. తర్వాత రెండు గెడల మధ్యగా రెండు చుట్లు గట్టిగా లాగాలి. వీటినే ఫ్రాపింగ్ అంటారు. చివరి క్లోవ్ హిచ్ అడ్డ గెడ మీద వేయాలి. ఫ్రాపింగ్ వదులైతే తెల్లారేసరికి గిన్నెలన్నీ కిందుంటాయి. పట్టుకున్నవాడు చేయి వదిలాడా, లాగినవాడు తొందరపడ్డాడా అన్న వాదన వస్తుంది. రానివ్వండి, విప్పి మళ్లీ వాళ్లిద్దరి చేతే కట్టించండి.

వాదన ముదిరితే ప్యాట్రోల్ ఇన్ కౌన్సిల్, అంటే ప్యాట్రోల్ పిల్లలందరి సభ, కూర్చోవాలి. గుండ్రంగా కూర్చుని పావుగంటలో ముగించాలి, చిన్నవాడు ముందు మాట్లాడాలి. పెద్దవాళ్లు ముందు మాట్లాడితే చిన్నవాళ్లు తలూపి ఊరుకుంటారు. అక్కడ తేలనిది లీడర్లు కూర్చునే కోర్ట్ ఆఫ్ ఆనర్‌కు వస్తుంది. అక్కడి మాట బయటకు పొక్కకూడదు. కానీ ఎవరైనా తనను కొట్టారనో, ఇబ్బంది పెట్టారనో పిల్లవాడు చెబితే ఆ గోప్యత వర్తించదు. అదే రోజు హెడ్‌మాస్టరుకూ తల్లిదండ్రులకూ చెప్పాలి. శిబిరంలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి.

కొత్తవాడు ప్రతిజ్ఞ చేసే రోజున అతిథులు, మైకు వద్దు. జెండా చుట్టూ ట్రూప్ నిలబడితే చాలు. స్కార్ఫ్‌ను అతని లీడర్ చేత వేయించండి, తర్వాత ప్యాట్రోల్‌లో ప్రతివాడూ ఎడమ చేత్తో కరచాలనం చేయాలి. అన్నల్లో కలుపుకుంటున్నామనే పేరుతో కొత్తవాడి చేత గుంజీలు తీయించడం, చీకట్లో భయపెట్టడం మొదటిసారే ఆపేయండి. అలా అవమానపడినవాడు వాళ్లను అన్నలుగా ఎన్నటికీ తలచడు.

పదో తరగతి తర్వాతే అసలు గండం. ఒకడు విజయవాడ హాస్టల్‌కూ, ఒకడు హైదరాబాద్‌కూ, ఒకడు పాలిటెక్నిక్‌కూ వెళతాడు. చాలా ఇంటర్ హాస్టళ్లలో ఫోను ఉండనివ్వరు. అందుకే విడిపోయే ముందే మూడు పనులు చేయించండి. ప్యాట్రోల్ పుస్తకంలో ప్రతివాడి ఇంటి చిరునామా, అమ్మానాన్నల నంబర్లు రాయించండి. ఊళ్లో ఉండిపోయేవాడికి ఆ పుస్తకం అప్పగించండి. ఏడాదికి రెండు రోజులు ఖాయం చేయండి: సంక్రాంతి సెలవుల్లో ఒకటి, బేడెన్ పావెల్ పుట్టినరోజైన ఫిబ్రవరి 22కు దగ్గరపడే ఆదివారం ఒకటి. కలిసిన రోజు తిని ఫొటోలు దిగి పోతే మూడో ఏటికి నలుగురే మిగులుతారు. చేయడానికి పని ఉండాలి: బడి గోడకు సున్నం వేయడం, ట్రూప్ శిబిరంలో చిన్నవాళ్లకు ముడులు నేర్పడం.

వీలున్నవాళ్లను పెద్ద వయసు స్కౌట్ల బృందమైన రోవర్ క్రూలో చేర్పించండి, 25 ఏళ్ల వరకు అందులో కొనసాగవచ్చు. రోవరింగ్ అంటే ఆరుబయటి జీవితానికీ సేవకూ కట్టుబడిన సోదర బృందం అని బేడెన్ పావెల్ చెప్పాడు. ఆ తర్వాత పెద్దవాళ్ల కోసం 1953లో మొదలైన అంతర్జాతీయ స్కౌట్, గైడ్ ఫెలోషిప్ ఉంది.

వాట్సాప్ గ్రూపు మంచిదే, కానీ ఆపద కబురు దాని మీద వదలకండి. శుభోదయాల మధ్య అది కొట్టుకుపోతుంది. ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో గొలుసుగా పుస్తకం చివరి పేజీలో రాయించండి: లీడర్ సెకండ్‌కు, సెకండ్ తర్వాతివాడికి, చివరివాడు మళ్లీ లీడర్‌కు. తిరిగి లీడర్‌కు ఫోను రాలేదంటే ఎక్కడో తెగిందని అర్థం, వెతకాల్సింది లీడరే. నంబరు మారినవాడు ముందు పుస్తకం ఉన్న ఇంటికి చెప్పాలి. పుస్తకం ఉన్నవాడు ఊరు మారితే సంక్రాంతికి అందరి ముందూ దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టాలి.