ఆరు కోర్ల డెస్క్‌టాప్ ప్రాసెసరా, సర్వర్ జియానా? పైసలు కట్టే ముందు తేల్చుకోవాల్సినవి

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు కొత్తగా కంప్యూటర్ కట్టించుకునేవాళ్ళకు ఒకే బడ్జెట్‌లో రెండు రకాల కొటేషన్లు వస్తున్నాయి. ఒకదాంట్లో కోర్ ఐ5-12400 లేదా రైజెన్ 5 5600జీ, 16 జీబీ ర్యామ్ ఉంటాయి. రెండోదాంట్లో ఇంటెల్ సర్వర్ల కోసం చేసిన పాత ప్రాసెసర్ జియాన్ ఈ5-2680 వీ4, దానికి 14 కోర్లు (విడిగా పని చేసే భాగాలు), 28 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు), తోడుగా 64 జీబీ ర్యామ్. "అన్నా, అవే పైసలకు కోర్లు డబుల్, ర్యామ్ నాలుగింతలు, ఇంకేం కావాలె" అంటాడు అమ్మేవాడు. కాగితం మీద ఆ లెక్క తప్పు కాదు. మీ పనికి అది పనికొస్తుందా అన్నది మాత్రం ఇప్పుడు మీ దగ్గరున్న కంప్యూటర్ ముందు కూర్చుని మీరే తేల్చుకోవచ్చు, రూపాయి ఖర్చు లేకుండా.

ముందు పనిని కొలవండి

గిరాకీ బాగా ఉండే వేళ, రోజూ చేసే పని నడుస్తుండగా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ మీద నొక్కి, గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి, 'చేంజ్ గ్రాఫ్ టు' కింద 'లాజికల్ ప్రాసెసర్స్' ఎంచుకోండి. కంప్యూటర్ ఎప్పుడు నత్తనడక నడుస్తోందో సరిగ్గా ఆ నిమిషంలో ఈ గ్రాఫులు చూడాలి. ఖాళీగా ఉన్నప్పుడు చూస్తే ఏమీ తెలియదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. 'సీపీయూ 8 శాతమే వాడుతోంది, మరి ఎందుకింత స్లో' అనుకుంటారు. 12 థ్రెడ్ల ప్రాసెసర్‌లో ఒక్క థ్రెడ్ పూర్తిగా నిండితే మొత్తం మీద కనబడేది 8.3 శాతమే. 8 థ్రెడ్లదైతే 12.5 శాతం. విండోస్ ఆ ఒక్క పనిని ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కు మారుస్తూ ఉంటుంది కాబట్టి ఏ ఒక్క గ్రాఫూ నిండినట్టు కనబడకపోవచ్చు కూడా. అందుకే 100ను థ్రెడ్ల సంఖ్యతో (టాస్క్ మేనేజర్‌లో 'లాజికల్ ప్రాసెసర్స్' పక్కనున్న అంకె) భాగించండి. పని నడుస్తున్నంతసేపూ వాడకం ఆ అంకె దగ్గరే ఆగిపోతే మీ సాఫ్ట్‌వేర్ ఒక్క కోర్ మీదే బతుకుతోందని అర్థం. దానికి కావాల్సింది వేగమైన కోర్. కోర్ల సంఖ్య పెంచితే వీసమెత్తు లాభం ఉండదు.

వాడకం 90 శాతం దాటి అన్ని గ్రాఫులూ నిండితే అప్పుడు కోర్ల గురించి ఆలోచించండి. డిస్క్ 100 శాతం చూపిస్తే ముందు పాత హార్డ్ డిస్క్ బదులు వేగమైన ఎస్ఎస్‌డీ వేయించండి, మెమరీ 90 దాటితే ర్యామ్ పెంచండి. ఈ రెండు సందర్భాల్లోనూ ప్రాసెసర్ మార్చనక్కర్లేదు.

14 కోర్లు 6 కోర్లకన్నా ఎందుకు వెనకబడతాయి

ఎనుమాముల మార్కెట్‌లో పత్తి బస్తాలు దించడానికి హమాలీలు ఎంతమందైనా రావచ్చు. కాంటా ఒక్కటే అయితే వరుస కాంటా దగ్గరే ఆగుతుంది. సాఫ్ట్‌వేర్‌లోనూ పంచుకోగలిగే పని కొంత, ఒకరే చేయాల్సిన పని కొంత ఉంటుంది. ఒక పనిలో సగమే పంచుకోవడానికి వీలైందనుకోండి. ఒక్క కోర్‌తో పోలిస్తే 6 కోర్లు దాన్ని 1.71 రెట్లు వేగంగా ముగిస్తాయి, 14 కోర్లు 1.87 రెట్లు. అంటే ఎనిమిది కోర్లు అదనంగా పెట్టినా దక్కేది 9 శాతం. అదే సమయంలో ఆ రెండు ప్రాసెసర్లలో ఒక్కో కోర్ వేగం ఎంతో చూడండి. 2680 వీ4 2016లో వచ్చింది, ఎంత ఎగిరినా 3.3 గిగాహెర్ట్జ్ దాటదు. 12400 వచ్చింది 2022లో, 4.4 దాకా పోతుంది. పైగా ఒక్కో గిగాహెర్ట్జ్‌కు చేసే పని కూడా ఎక్కువ. రెండూ కలిపి చూస్తే కొత్త కోర్ ఒక్కటి పాత కోర్‌కన్నా ఒకటిన్నర రెట్లకు పైగా వేగంగా పని చేస్తుంది. అన్ని కోర్లూ నిండే రెండరింగ్ (వీడియో, 3డీ బొమ్మలను చివరి రూపంలోకి తయారుచేయడం) లాంటి పనిలో కూడా ఈ ఆరు కోర్లు ఆ 14 కోర్లకు ఇంచుమించు సమానంగా నిలబడతాయి.

ఏ పనికి ఏది

డీటీపీ, ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపులకు సర్వర్ ప్రాసెసర్ అస్సలు వద్దు. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పని చేసేవాళ్ళయితే మరీను. పేజ్‌మేకర్ పాత 32-బిట్ ప్రోగ్రామ్, ఒక్క కోర్ వాడుతుంది, దానికి 2 జీబీకి మించి మెమరీ అందదు. 64 జీబీ ర్యామ్ పెట్టినా దాని కంట పడదు. కోరెల్‌డ్రాలో పెద్ద ఫ్లెక్స్ తెరిచినప్పుడు, ఫొటోషాప్‌లో కరిజ్మా ఆల్బమ్ షీట్లు కట్టేటప్పుడు కూడా ఎక్కువ భారం ఒకటి రెండు కోర్ల మీదే పడుతుంది. ఐ3-12100 నాలుగు కోర్లతోనే వీటిని బాగా లాగుతుంది. మిగిలిన డబ్బు 32 జీబీ ర్యామ్, ఎన్‌వీఎంఈ రకం వేగమైన ఎస్ఎస్‌డీ మీద పెట్టండి. కమీషన్ దుకాణంలో టాలీ నడిపేవాళ్ళకూ ఇదే చాలు.

పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసేవాళ్ళు మాత్రం ఇంకో సంగతి చూసుకోవాలి. కొత్త కెమెరాలు హెచ్.265 అనే వీడియో ఫార్మాట్‌లో 10-బిట్ 4:2:2, అంటే రంగుల వివరం ఎక్కువగా ఉండే ఫుటేజ్ ఇస్తున్నాయి. దాన్ని టైమ్‌లైన్ మీద ఆగకుండా ఆడించేది ఇంటెల్ ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌లో ఉండే క్విక్ సింక్. ఎన్‌విడియాలో ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌కు ముందు కార్డులకు ఈ 4:2:2 డీకోడింగ్ లేదు. జియాన్ ఈ5లో లోపలి గ్రాఫిక్సే లేదు కాబట్టి కార్డు విడిగా కొనాలి, కొన్నా ఈ ఫుటేజ్ భారమంతా కోర్ల మీదే పడొచ్చు. ఇంటెల్ కొనేటప్పుడు పేరు చివర 'ఎఫ్' అక్షరం లేకుండా చూసుకోండి. 12400ఎఫ్ కొన్ని వందలో వెయ్యో తక్కువకు వస్తుంది, కానీ అందులో ఆ గ్రాఫిక్స్ ఉండదు, క్విక్ సింక్ కూడా పోయినట్టే. 5600జీ తీసుకుంటే 16 జీబీ ఒకటే స్టిక్‌గా వేయించకండి. 8, 8 రెండు స్టిక్కులు వేయిస్తేనే రెండు ఛానెళ్ళూ (ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య దారులు) పని చేస్తాయి. దాని గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ర్యామ్ వేగమే ఆధారం.

అయినా పాత జియానే కావాలంటే

కొన్ని పనులకు అది మంచి బేరమే. ఇంజినీరింగ్ విద్యార్థి ఇంట్లో ఏడెనిమిది వర్చువల్ మెషీన్లు (ఒకే కంప్యూటర్‌లో విడివిడి కంప్యూటర్లలా నడిచేవి) నడిపి నేర్చుకోవాలంటే 64 జీబీ ర్యామ్, 14 కోర్లు చవగ్గా దొరికే దారి ఇదే. లినక్స్ దీని మీద హాయిగా నడుస్తుంది. విండోస్‌తోనే చిక్కు: విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారిక జాబితాలో ఈ5 వీ3, వీ4 లేవు. ఏదో ఉపాయంతో ఎక్కించి ఇస్తామంటారు, ఎక్కుతుంది కూడా. కానీ అప్‌డేట్లకు భరోసా ఉండదు. జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు లావాదేవీలు చేసే కంప్యూటర్‌కు ఆ దారి వద్దని గట్టిగా చెప్తున్నాం.

కొనేటప్పుడు కూలర్ తీయించి చిప్ పైన రాసింది చదవండి. 2680 వీ4 మీద ఎస్ఆర్2ఎన్7 అని ఉండాలి. 'ఇంటెల్ కాన్ఫిడెన్షియల్' అని రాసి, కోడ్ 'క్యూ'తో మొదలైతే అది ఇంజినీరింగ్ శాంపిల్. దాని వేగం తక్కువ ఉండొచ్చు, కొన్ని బోర్డుల మీద లేవనే లేవదు. దాన్ని తీసుకోవద్దు.

చిప్‌కన్నా బోర్డుతోనే అసలు తలనొప్పి. 'ఎక్స్99' (ఈ జియాన్లకు సరిపోయే చిప్‌సెట్, అంటే బోర్డును నడిపించే చిప్ పేరు) అని పెట్టెమీద రాసి వచ్చే కొత్త చైనా బోర్డుల్లో చాలావాటి మీద ఉండేది పాత బోర్డుల నుంచి ఊడదీసిన బీ85, హెచ్81 లాంటి చిప్‌సెట్. స్లీప్ నుంచి లేవకపోవడం, బయోస్ అప్‌డేట్లు రాకపోవడం వీటిలో మామూలు. ప్రాసెసర్ పక్కన ఉండే వోల్టేజ్ సర్క్యూట్ మీద అల్యూమినియం హీట్‌సింక్ ఉందో లేదో వేలితో తడిమి చూడండి. 120 వాట్ల చిప్‌ను అది లేకుండా నడిపితే ఎండాకాలంలో బోర్డే ముందు పోతుంది. ర్యామ్ ఛానెళ్ళు నాలుగు ఉండాలి, నాలుగు స్టిక్కులూ పెట్టాలి. కొన్ని బోర్డుల్లో రెండే ఛానెళ్ళుంటాయి.

ఈ జియాన్‌తో వచ్చే రిజిస్టర్డ్ ర్యామ్ (సర్వర్ల కోసం చేసిన రకం) రేపు మీరు డెస్క్‌టాప్ బోర్డుకు మారితే అందులో పని చేయదు. స్లాట్‌లో కూర్చుంటుంది, కంప్యూటర్ మాత్రం లేవదు. '64 జీబీ ఉచితంగా వచ్చినట్టే' అన్న మాటను ఈ లెక్కతో చూడాలి. కూలర్ కొనేముందు సాకెట్ చట్రం చూడండి. ఈ జియాన్ కూర్చునే 2011-3 సాకెట్‌లో చతురస్రం, సన్నని దీర్ఘచతురస్రం అని రెండు రకాలున్నాయి. సర్వర్ల నుంచి తీసిన బోర్డులకు తరచూ సన్నని రకం ఉంటుంది, దానికి మామూలు టవర్ కూలర్ బిగదు.

కరెంటు, ఎండ, పత్తి నూగు

పాత జియాన్ బాక్స్ ఊరికే ఉన్నప్పుడు కూడా డెస్క్‌టాప్‌కన్నా ఓ 40 వాట్లు ఎక్కువ తాగుతుందనుకోండి. పదిగంటల షాపుకు అది నెలకు 12 యూనిట్లు, దానికి భయపడక్కర్లేదు. 24 గంటలూ నడిచే మెషీన్‌కు అదే దాదాపు 29 యూనిట్లు. యూనిట్ పది రూపాయల లెక్కన ఏడాదికి మూడున్నర వేలు. రెండేళ్ళు నడిపితే ఏడు వేలు. మామూలు 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లే కాబట్టి జియాన్, గ్రాఫిక్స్ కార్డు, మానిటర్ మూడూ కలిస్తే కరెంటు పోయినప్పుడు ఫైల్ సేవ్ చేసే టైమైనా దొరకాలంటే 1 కేవీఏ పెట్టుకోవాలి.

మేలో మనవైపు బయట 44 డిగ్రీలు దాటుతుంది, ఏసీ లేని రేకుల షెడ్డులో ఇంకా ఎక్కువ. 12400 వంద డిగ్రీల దగ్గర, 5600జీ 95 దగ్గర తమను తామే వేగం తగ్గించుకుంటాయి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్ తెరిచి పని మధ్యలో ఉష్ణోగ్రత చూడండి. 90 దాటుతుంటే ప్రాసెసర్ మార్చే ముందు హీట్‌సింక్ విప్పండి. జిన్నింగ్ మిల్లుల పక్కన ఆఫీసుల్లో ఫ్యాన్ కింద పత్తి నూగు దుప్పటిలా పేరుకుని ఉంటుంది, పైనుంచి చూస్తే కనబడదు. భూపాలపల్లి, గోదావరిఖని వైపైతే బొగ్గు దుమ్ము. ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకుని బ్లోయర్‌తో ఊదండి. తిరగనిస్తే ఫ్యానే కరెంటు పుట్టించి బోర్డుకు చేటు చేయవచ్చు, బేరింగ్ కూడా పాడవుతుంది. ఆ తర్వాత పాత పేస్ట్ తుడిచి, బఠానీ గింజంత కొత్తది పెట్టి బిగించండి.

అసలైన సర్వర్ ప్రాసెసర్ ఎవరికి

ఏఎండీ సర్వర్ ప్రాసెసర్ ఎపిక్ 9654ను ఉదాహరణగా తీసుకోండి: 96 కోర్లు, 192 థ్రెడ్లు, 12 మెమరీ ఛానెళ్ళు, 128 పీసీఐ లేన్లు (గ్రాఫిక్స్ కార్డుల్లాంటివి తగిలించే దారులు), 360 వాట్లు. దీని బలం కోర్లకన్నా మెమరీలో ఉంది. డీడీఆర్5-4800 పన్నెండు ఛానెళ్ళలో నిండితే సెకనుకు 460.8 జీబీ పారుతుంది. డెస్క్‌టాప్‌లో డీడీఆర్4-3200 రెండు ఛానెళ్ళకు వచ్చేది 51.2. గాలి, నీటి ప్రవాహాలను కంప్యూటర్‌లో లెక్కగట్టే సిమ్యులేషన్లు చేసే పరిశోధక విభాగాలకు, నాలుగైదు జీపీయూలు ఒకే బాక్స్‌లో పెట్టాల్సిన ల్యాబ్‌లకు, నలభై మంది విద్యార్థులకు ఒక్క మెషీన్ నుంచే వర్చువల్ డెస్క్‌టాప్‌లు ఇవ్వాల్సిన కాలేజీలకు ఇది సరైన చోటు. ఏడాదికి ఒకటి రెండు నెలలే అలాంటి పని ఉంటే క్లౌడ్‌లో అద్దెకు తీసుకోవడం మేలు.

టెండర్‌లో తరచూ జరిగే తప్పు ర్యామ్ దగ్గరే. 64 జీబీ స్టిక్కులు రెండు పెట్టి '128 జీబీ' అని బిల్లు రాస్తారు. పన్నెండు ఛానెళ్ళలో రెండే నిండితే ఆ 460.8లో దక్కేది 76.8, అంటే ఆరో వంతు. 16 జీబీవి పన్నెండు రాయించండి. రెండో తప్పు లైసెన్సు: మామూలుగా విండోస్ సర్వర్‌కు ప్రతి భౌతిక కోర్‌కూ లైసెన్సు కొనాలి, మీరు 20 కోర్లే వాడినా 96కూ కట్టాల్సిందే. రెండు ప్రాసెసర్ల సర్వర్‌కు 16 ఆంపియర్ల ప్లగ్గు, సరైన ఎర్తింగ్, ఏసీ గది ముందే సిద్ధం చేసుకోండి. మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కొలిస్తే రెండు మూడు వోల్టులు మించకూడదు.

ఈ రెండు కొసల మధ్య ఒక దారి ఉంది, దాన్ని ఎవరూ చూపించరు. హాస్పిటల్ బిల్లింగ్, సూపర్‌మార్కెట్ డేటాబేస్ లాంటివి రాత్రింబవళ్ళు నడవాలి, లెక్క ఒక్క అంకె తప్పకూడదు, అయితే భారం ఎక్కువ ఉండదు. వాటికి కావాల్సింది ఈసీసీ ర్యామ్, అంటే మెమరీలో ఒక బిట్ తారుమారైతే తానే సరిదిద్దుకునేది. 2024లో వచ్చిన ఎపిక్ 4004 సిరీస్ ఏఎండీ డెస్క్‌టాప్ బోర్డుల మామూలు ఏఎం5 సాకెట్‌లోనే కూర్చుంటుంది, నాలుగు కోర్ల నుంచి పదహారు దాకా ఉంది. ఇంటెల్ వైపు జియాన్ ఈ-2400 సిరీస్. మామూలు 5600జీ ఈసీసీని పట్టించుకోదు, దాని 'ప్రో' రకం ఒక్కటే పట్టించుకుంటుంది.

డబ్బు చేతులు మారే ముందు

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, ఇక్కడే కొన్నా సీల్ ఉన్న బాక్స్ ప్రాసెసర్ తీసుకోండి. దానికి కంపెనీ వారంటీ మూడేళ్ళు. పెట్టె లేకుండా వచ్చే ట్రే చిప్‌కు కంపెనీ నేరుగా వారంటీ ఇవ్వదు, అమ్మినవాడి మాటే దిక్కు. జీఎస్టీ నంబర్‌తో బిల్లు రాయించుకుంటే 18 శాతం మీ రిటర్నులో తిరిగొస్తుంది.

కట్టిన మెషీన్ ముందు కూర్చుని సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్‌లో ప్రాసెసర్ పేరు, మెమరీ ఛానెళ్ళ సంఖ్య చూడండి. తర్వాత ప్రాసెసర్ మీద పూర్తి భారం పెట్టి పరీక్షించే ఓసీసీటీ అరగంట నడపండి, పక్కనే ఉష్ణోగ్రత తెరిచి ఉంచండి. ఇంటికి తెచ్చాక ఆ రాత్రే ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 నాలుగు రౌండ్లు పెట్టి పడుకోండి. తెల్లారి ఒక్క ఎర్రర్ కనబడినా ఆ స్టిక్ తిరిగివ్వాల్సిందే. రెండు స్టిక్కులుంటే ఒక్కొక్కటి విడిగా పెట్టి మళ్ళీ నడిపితే చెడ్డది ఏదో తేలుతుంది, ఆ స్క్రీన్ ఫొటో తీసుకుని బిల్లుతో పాటు షాపుకు తీసుకెళ్ళండి.