అంబాసిడర్‌కు కొత్త క్యామ్‌షాఫ్ట్ వేసే ముందు

పాత పెట్రోల్ అంబాసిడర్‌లో ట్యాపెట్ చప్పుడు (వాల్వ్‌ల దగ్గరి టకటక శబ్దం) వినగానే ఇంజన్ విప్పించకండి. ముందు ఆయిల్ లెవెల్ చూసి, ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పల్చటి రేకులతో) వాల్వ్ గ్యాప్ సెట్ చేయించండి. కొన్నాళ్లకే అదే వాల్వ్ దగ్గర గ్యాప్ మళ్లీ పెరిగితే అప్పుడు అనుమానించాల్సింది క్యామ్ లోబ్‌ని (వాల్వ్‌లను తెరిపించే క్యామ్‌షాఫ్ట్ మీది ఉబ్బుని), దాని మీద ఆని పుష్‌రాడ్‌ని పైకెత్తే ట్యాపెట్‌ని.

ఈ బండి 1489 సీసీ ఇంజన్‌లో క్యామ్‌షాఫ్ట్ బ్లాకులోనే ఉంటుంది. పుష్‌రాడ్లు తీసి, పక్కనున్న మూతలు విప్పితే ట్యాపెట్లు చేతికొస్తాయి. ఏది ఎక్కడిదో నంబర్ వేసి పెట్టండి. పాతవే తిరిగి వేసేటట్టయితే ఏ లోబ్ ట్యాపెట్ ఆ లోబ్ మీదికే వెళ్లాలి. ట్యాపెట్ అడుగున స్టీల్ స్కేల్ అంచు ఆనించి వెలుతురుకి పట్టండి. మధ్యలో సందు కనిపిస్తే అది పనికిరాదు. మంచి ట్యాపెట్ అడుగు కంటికి ఆననంత ఉబ్బుగా ఉంటుంది. అందువల్లే అది తనచుట్టూ తాను తిరుగుతూ అన్నివైపులా సమంగా అరుగుతుంది.

షాఫ్ట్ కొత్తది వేసి ట్యాపెట్లు పాతవే ఉంచుదామంటే ససేమిరా ఒప్పుకోకండి. అక్కడ డబ్బు మిగిలినా, అరిగిన ట్యాపెట్ కొత్త లోబ్‌నే తినేస్తుంది. షాఫ్ట్ లాగేటప్పుడు తొందర వద్దు, లోబ్ అంచు తగిలితే బేరింగ్ గీసుకుపోతుంది.

బిగించేటప్పుడు లోబ్‌లకీ ట్యాపెట్ అడుగులకీ మాలిబ్డినమ్ పేస్ట్ పట్టించండి, ట్యాపెట్ పక్కలకి ఇంజన్ ఆయిల్ చాలు. ఆయిల్ విషయంలో ఖరీదు చూసి మోసపోవద్దు. క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవకూడదని 5డబ్ల్యూ-30 లాంటి కొత్త పెట్రోల్ ఆయిళ్లలో ఫాస్ఫరస్ తగ్గించారు. ఇలాంటి ట్యాపెట్లను కాపాడేది జింక్, ఫాస్ఫరస్ కలిసిన మందే. అది తగినంత ఉన్న 20డబ్ల్యూ-50 అడగండి.

అసలు గండం మొదటి అరగంటే. రేడియేటర్‌లో నీళ్లు, కార్బురేటర్‌లో పెట్రోల్, ఇగ్నిషన్ టైమింగ్ అన్నీ ముందే సిద్ధం చేసుకోండి. సెల్ఫ్ కొడుతూ కూర్చుంటే పూసిన పేస్టంతా చెరిగిపోతుంది. స్టార్ట్ అవ్వగానే ఆయిల్ ప్రెషర్ చూసి, 2000 ఆర్‌పీఎం పైకి తెచ్చి, కాస్త పెంచుతూ తగ్గిస్తూ 20 నిమిషాలు నడపండి. ఐడ్లింగ్‌లో వదిలేస్తే లోబ్‌ల మీదికి ఆయిల్ సరిగా చిమ్మదు. లీకో, వేడెక్కడమో కనిపిస్తే ఆపి, సరిచేసి, మళ్లీ అదే వేగంతో మొదలుపెట్టండి. షెడ్ తలుపులు తెరిచే ఉంచాలి, పొగ ప్రాణాంతకం.

తర్వాత ఆయిల్, ఫిల్టర్ మార్చి, పాత ఆయిల్‌లో అయస్కాంతం తిప్పి ఇనుప రజను అంటుతుందేమో చూడండి. గ్యాప్ మరోసారి సెట్ చేయించండి. ఒక్క వాల్వ్ దగ్గరే బాగా పెరిగి ఉంటే బండి రోడ్డు మీదికి తీయకుండా మూతలు మళ్లీ విప్పించండి.